కాకర్ల, కంభం, కచేరీ



పుల్లలచెరువులో గానీ, యర్రగొండపాలెంలో గానీ, మార్కాపురంలో గానీ పెళ్లి జరుగుతున్నప్పుడు సన్నాయి మేళం వాళ్లు 'సీతాకల్యాణ వైభోగమే' అందుకోకుండా ఉండరు. పీటల మీద కూర్చున్న వాళ్లకూ తెలుసు ఆ పాట, వంటల దగ్గర గరిటె తిప్పుతున్న వాళ్లకూ తెలుసు. అది త్యాగరాజస్వామి కీర్తన. ఆయన ఇంటిపేరు కాకర్ల. కాకర్ల ఎక్కడో లేదు, మన అర్ధవీడు మండలంలో ఉంది. నల్లమల అంచున ఉన్న ఆ ఊరి నుంచే త్యాగరాజు పూర్వులు దక్షిణానికి వెళ్లారు.

కాకర్లకు దగ్గరి పట్నం కంభం. శ్యామశాస్త్రి గారి పూర్వులది కంభం సీమ అని సంగీత చరిత్ర రాసిన పెద్దలు చెప్పారు. కర్ణాటక సంగీతానికి త్రిమూర్తులని మనం చెప్పుకునే ముగ్గురూ కావేరి దేశంలో, ఒక్క తిరువారూరులోనే పుట్టారు. 1762లో శ్యామశాస్త్రి, 1767లో త్యాగరాజు, 1775లో ముత్తుస్వామి దీక్షితులు. ఆ ముగ్గురిలో ఇద్దరి వంశాలు మన గుండ్లకమ్మ నీళ్లు తాగిన వంశాలు. పాత పుస్తకాల్లో ఈ సంగతి 'కర్నూలు జిల్లా కంభం తాలూకా' అని ఉంటుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అందుకే ఆ పుస్తకాలు చదివిన మన పిల్లలు కూడా ఇది మన ఊళ్ల సంగతేనని పోల్చుకోలేకపోయారు.

శాస్త్రీయ సంగీత కచేరీ అనగానే మనకు కనిపించేది పాడే విద్వాంసుడు, పక్కన వయొలిన్, మృదంగం, వెనక తంబుర. ఆ నలుగురూ అక్కడ కూర్చోవడానికి ముందు ఎవరో వాళ్లకు చోటిచ్చి ఉంటారు. ఒకచోట రాజు ఇచ్చాడు. ఒకచోట వీధి ఇచ్చింది. ఒకచోట ఒక ఆడమనిషి తన నగలమ్మి ఇచ్చింది. ఒకచోట గురువు తన పక్కన జరిగి ఇచ్చాడు. పాట గొప్పదనం గురించి ఎందరో చెప్పారు. నేను ఈ పూట ఆ చోటిచ్చిన వాళ్ల గురించి చెబుతాను. మన మెట్ట ప్రాంతంలో ఇప్పుడు కావలసింది అలాంటి వాళ్లే.

వలస అంటే ఏమిటో పడమటి ప్రకాశానికి ఎవరూ చెప్పక్కర్లేదు. పనికోసం మూటాముల్లె కట్టుకుని ఊరు దాటిన మనిషి లేని ఇల్లు మన మండలాల్లో తక్కువ. త్యాగరాజు, శ్యామశాస్త్రి పూర్వులు కూడా అలా ఊరు దాటిన వాళ్లే. విజయనగర ప్రభువుల కింద 1532 ప్రాంతంలో తంజావూరు గద్దెనెక్కిన నాయక రాజులు తెలుగువాళ్లు. నూట నలభై ఏళ్లపాటు ఆ కొలువులో తెలుగే రాజభాష. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ భూములూ ఇచ్చి నిలిపిన మేలట్టూరులో ఈనాటికీ ఏటా భాగవతమేళ నాటకాలు తెలుగులోనే ఆడతారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పైనున్న రాజ్యాలు చెదిరిపోతుంటే, చదువూ పాటా చేతిలో ఉన్నవాళ్లకు కావేరి గట్టు ఆశ్రయమైంది. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును విడిచిపెట్టలేదు. శహాజీ మహారాజు తానే తెలుగులో పల్లకీ సేవా ప్రబంధం రాశాడు. తమిళ దేశంలో, మరాఠీ రాజు కొలువులో, తెలుగు పాట బతికిందంటే ఆ చోటు అంత విశాలమైనది.

కంభం వంశం వాళ్లు ముందు కంచికి చేరారు. అక్కడ బంగారు కామాక్షి అర్చన వాళ్ల వంశానిది. కంచికి దండయాత్రల భయం పట్టుకున్నప్పుడు అమ్మవారి బంగారు విగ్రహాన్ని దాచుకుని ఊళ్లు మారారు. కొన్నేళ్లు ఉడయార్‌పాళయంలో, కొన్నేళ్లు తిరువారూరులో ఉన్నారు. శ్యామశాస్త్రి పుట్టింది ఆ తిరువారూరు మజిలీలోనే. హైదరాలీ సేనలు దిగినప్పుడు మళ్లీ బయల్దేరి తంజావూరు చేరారు. అప్పటికి శ్యామశాస్త్రికి ఇరవై ఏళ్ల లోపు. తుళజాజీ మహారాజు అమ్మవారికి గుడి కట్టించి, ఆ కుటుంబానికి భూమి ఇచ్చాడు. దేవుణ్ని చంకనెత్తుకుని తిరిగిన కుటుంబానికి ఒక గడప దొరికింది. తరువాత శ్యామశాస్త్రి పాడిన కీర్తనల్లో చాలా భాగం ఆ గడపలో అమ్మవారి ముందు పుట్టినవే.

ఆ శ్యామశాస్త్రి గారి పేరు మీద ఒక పోటీ కచేరీ కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. బొబ్బిలి నుంచి కేశవయ్య అనే మహా విద్వాంసుడు తంజావూరు వచ్చాడు. ఆయన బిరుదు 'భూలోక చాపచుట్టి'. ఊరూరా సభలు గెలిచి, ఓడిన వాళ్ల తంబురలు తీసుకుపోయే మనిషని ప్రతీతి. తంజావూరు విద్వాంసులకు గుండెలు జారాయి. ఆస్థానం పరువు నిలబెట్టమని అందరూ శ్యామశాస్త్రి గారి దగ్గరికి వెళ్లారు. ఆయనకు పోటీలు గిట్టవు. గుడి, అర్చన, పాట, అంతే ఆయన లోకం. ఆ రాత్రి అమ్మవారి ముందు కూర్చుని చింతామణి రాగంలో ఆమెను వేడుకున్నాడని చెబుతారు. 'దేవీ బ్రోవ సమయమిదే' కీర్తన వెనక కథ అదే.

మర్నాడు కొలువులో కేశవయ్య సింహనందన తాళం ఎత్తుకున్నాడు. ఇది ఎంత కష్టమో తెలియాలంటే ముందు ఆదితాళం వేసి చూద్దాం. రేడియో ముందున్న వాళ్లు నాతోపాటు తొడమీద వేయండి. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, అవి నాలుగు. మళ్లీ దెబ్బ, అరచెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం, ఇవి నాలుగు. మొత్తం 8. మనం వినే కీర్తనల్లో చాలా భాగం ఈ ఎనిమిదిలోనే నడుస్తాయి. సింహనందన తాళంలో ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు. అంటే ఆదితాళం పదహారు చుట్లు తిరిగితే అక్కడ ఒక్క చుట్టు. అంత దూరం లెక్క తప్పకుండా వెళ్లి, పాటను సరిగ్గా ఎత్తిన చోటికి తెచ్చి దించాలి. శ్యామశాస్త్రి ఆ తాళంలోనే జవాబు చెప్పి, ఆ పైన శరభనందన తాళంలో పల్లవి పాడాడు. ఆ తాళం కేశవయ్యకు చిక్కలేదు. కొలువు శ్యామశాస్త్రికి జై కొట్టింది.

ఈ కథలో గెలుపు ఓటముల కంటే నాకు విలువైనది మరొకటి. ఒకరు బొబ్బిలి వాడు, ఒకరు కంభం వంశం వాడు. వాళ్లిద్దరి విద్యా పూర్తిగా బయటపడటానికి కావేరి ఒడ్డున ఒక సభ, ఆ లెక్క చేత్తో వేసుకుంటూ వినగల శ్రోతలు కావలసి వచ్చారు. 128 అక్షరాల తాళం తప్పిందో లేదో చెప్పగల జనం ఎదురుగా ఉంటేనే విద్వాంసుడికి అంత సాహసం వస్తుంది. విద్వాంసుణ్ని పెంచేది శ్రోత.

ఇక కాకర్ల వారి దగ్గరికి వద్దాం. త్యాగరాజు తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. కుటుంబం తిరువయ్యారులో స్థిరపడింది. సంగీత గురువు శొంఠి వెంకటరమణయ్య కూడా తెలుగువాడే, తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. ఒకసారి గురువుగారు పెద్ద విద్వాంసులను పిలిచి, తన ఇంట్లో శిష్యుడి చేత పాడించారు. త్యాగరాజు బిలహరి రాగంలో 'దొరకునా ఇటువంటి సేవ' ఎత్తుకుని విస్తరిస్తూ పోతే తెల్లవారిందే గానీ ఎవరూ లేవలేదని చెబుతారు. గురువు పొంగిపోయి, తనకు రాజు ఇచ్చిన పతకాన్ని శిష్యుడి మెడలో వేశాడట. చోటిచ్చిన గురువు అంటే నాకు వెంకటరమణయ్య గారే గుర్తొస్తారు. సభ తనదై ఉండి, ఇల్లు తనదై ఉండి, పాటకు శిష్యుణ్ని కూర్చోబెట్టాడు.

రాజు పిలుపు త్యాగరాజుకు కూడా వచ్చింది. శరభోజి మహారాజు కానుకలు పంపి కొలువుకు రమ్మన్నాడనీ, ఆయన కాదన్నాడనీ, కల్యాణి రాగంలో 'నిధి చాల సుఖమా' అప్పుడే పుట్టిందనీ చెబుతారు. మరి ఆ ఇల్లు ఎలా గడిచింది? ఉంఛవృత్తితో. తంబుర పట్టుకుని, రామనామం పాడుకుంటూ తిరువయ్యారు వీధుల్లో తిరిగితే, ఇల్లాళ్లు గుప్పెడు బియ్యం చెంబులో పోసేవారు. ఆ బియ్యంతోనే ఇల్లూ, ఇంట్లో ఉండి నేర్చుకునే శిష్యులూ గడిచారు. ఘనరాగ పంచరత్నాలనే ఆయన ఐదు పెద్ద కీర్తనల వెనక ఉన్నది ఆ వీధి ఇల్లాళ్ల గుప్పెడు బియ్యం. ఏ శాసనంలోనూ వాళ్ల పేర్లు లేవు. ఈనాటికీ ఏటా ఆయన పేరున జరిగే ఆరాధన రోజున ఆయన ఇంటి నుంచి సమాధి దాకా విద్వాంసులు ఉంఛవృత్తి చేసుకుంటూ నడుస్తారంటే, ఆ ఇల్లాళ్లకు సంగీతలోకం పెడుతున్న దండం అదే.

మన రెండు ఊళ్ల వంశాలూ ఒకచోట కలిసిన సందర్భం కూడా ఉంది. శ్యామశాస్త్రి కొడుకు సుబ్బరాయశాస్త్రి. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి అంతటి వాడై ఉండి కూడా కొడుకును త్యాగరాజు దగ్గరికి పంపాడు. దీక్షితుల దగ్గర కూడా ఆ పిల్లవాడు నేర్చుకున్నాడు. ముగ్గురి విద్యా ఒక్కడికి అబ్బిన భాగ్యం సుబ్బరాయశాస్త్రిది. కంభం పిల్లవాడు కాకర్ల వారి ఇంట్లో కూర్చుని పాఠం చెప్పించుకున్నాడన్న మాట. మన సీమలో కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లు, తరాల తర్వాత అంత దూరాన మళ్లీ ఇరుగుపొరుగయ్యాయి.

త్యాగరాజు 1847లో, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. తరువాత ఏళ్లు గడిచేకొద్దీ కావేరి ఒడ్డున ఆ సమాధి పాడుబడిపోయింది. దాన్ని నిలబెట్టిన మనిషి బెంగళూరు నాగరత్నమ్మ. మైసూరు సీమ నంజనగూడులో 1878లో దేవదాసీ కుటుంబంలో పుట్టింది. మద్రాసులో పేరు మోసిన గాయని అయింది. సమాధి దుస్థితి గురించి గురువుగారు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం చూసి తిరువయ్యారు వెళ్లింది. 1921లో పని మొదలుపెట్టి, పాటతో సంపాదించిన సొమ్ము, నగలు అన్నీ పెట్టి అక్కడ త్యాగరాజుకు గుడి కట్టించింది.

కానీ ఆ గుడి ముందు ఏటా జరిగే ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు. అక్కడ అప్పటికే మగవిద్వాంసులవి రెండు వర్గాలు. కట్టించిన చేతికి కచేరీలో చోటు లేదు! నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1927లో ఆడవాళ్లందరినీ కూడగట్టుకుని, సమాధి వెనకవైపున తమ ఆరాధన తాము మొదలుపెట్టింది. ఆ పాట వినడానికి జనం వెనకవైపుకే వెళ్లారు. చివరికి 1940లో వర్గాలన్నీ ఒక్కటయ్యాయి. ఈనాడు పుష్య బహుళ పంచమి నాడు ఆడా మగా వందల గొంతులు కలిసి పంచరత్నాలు పాడే దృశ్యం మనం టీవీలో చూస్తున్నామంటే, అది ఆమె పదమూడేళ్ల పట్టుదల ఫలం. 1952లో ఆమె కన్నుమూశాక త్యాగరాజు సన్నిధికి ఎదురుగానే ఆమెకూ సమాధి కట్టి, విగ్రహం నిలిపారు.

నాగరత్నమ్మకు ప్రకాశం జిల్లా పేరుతో కూడా ఒక సంబంధం ఉంది. తంజావూరు కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని ఆమె సవరించి 1910లో అచ్చు వేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని ముద్ర వేసి ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని తొలగించింది, 1946లో మద్రాసు ప్రధాని అయిన టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం. ఒక దేవదాసి రాసిన కావ్యానికి, మరో దేవదాసి అచ్చు వేయించిన కావ్యానికి, ప్రకాశం పంతులు చోటిచ్చాడు. ఆ పంతులు పేరే ప్రకాశం జిల్లా పేరు.

ఇప్పుడు ప్రకాశం సీమకే మరో చివర, ఒంగోలు పక్కన కరవది. అక్కడ 1924లో పుట్టాడు షేక్ చినమౌలానా. మన గుంటూరు, ప్రకాశం సీమల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరం వాయిస్తున్నాయి. రామాలయంలో మేలుకొలుపు, శివాలయంలో పల్లకీసేవ, ఇంట్లో పెళ్లి, అన్నిటికీ వాళ్ల ఊపిరే. చినమౌలానా చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. తరువాత తంజావూరు బాణీ మీద మనసు పడింది. టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం విని, ఆయన్ని మనసులోనే గురువుగా నిలుపుకున్నాడు. ఆ బాణీ పట్టుకోవడానికి నాచ్చియార్‌కోయిల్ వెళ్లి అక్కడి సోదర విద్వాంసుల దగ్గర శుశ్రూష చేశాడు. 1960ల్లో శ్రీరంగంలో కాపురం పెట్టాడు. రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కాలేషాబీ నాదస్వరం పట్టిన మహిళ. ఆ వాద్యం ఊదాలంటే దమ్ము కావాలి, అది మగవాళ్ల పని అని లోకం అనుకుంటున్న రోజుల్లో భర్త పక్కన కూర్చుని సమానంగా వాయించింది.

మేలట్టూరు వైపు వెళ్లిన బ్రాహ్మణ కుటుంబాలూ, శ్రీరంగం వెళ్లిన ముస్లిం కుటుంబమూ మూడు నాలుగు వందల ఏళ్ల తేడాతో ఒకే దారిన నడిచాయి. పాటకు ఎక్కడ చోటుందో అక్కడికి వెళ్లాయి. అక్కడి వాళ్లు మతం, భాష అడక్కుండా లోపలికి పిలిచారు.

వెళ్లిన పాట మళ్లీ తెలుగునేలకు తిరిగొచ్చింది కూడా. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గరికి కృష్ణా సీమ నుంచి వెళ్లి నేర్చుకున్నవాడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారు విజయవాడలో ఏటా గురువుగారి ఆరాధన జరిపేవారు. 1930లో పుట్టిన మంగళంపల్లి మురళీకృష్ణ అనే పిల్లవాడిని, పాలుతాగే వయసులోనే తల్లి పోయినవాడిని, తండ్రి పట్టాభిరామయ్య ఆయనకు అప్పగించారు. ఎనిమిదేళ్ల ఆ పసివాడికి పంతులుగారు ఆరాధన ఉత్సవంలో పాడటానికి చోటిచ్చారు. కొద్దిసేపనుకున్న పాట గంటలు సాగింది. హరికథలు చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అది విని, ఆ పిల్లవాడి పేరుకు ముందు 'బాల' అని చేర్చారు. ఆ బాలమురళి పెద్దవాడై విజయవాడ ఆకాశవాణిలో పనిచేస్తూ భక్తిరంజని పాడితే, కరెంటు సరిగా లేని మన ఊళ్లలో కూడా బ్యాటరీ రేడియోల ముందు జనం తెల్లవారుజామున కూర్చున్నారు. కాకర్ల వారి పాట కావేరి చూసి, కృష్ణ దాటి, గాలి మీద నల్లమల చేరింది.

ఇక్కడిదాకా రేడియో తెచ్చింది. ఇక మిగిలిన పని మనది. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ నగరంలో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. మంచు కురిసే దేశంలో, సెలవులు పెట్టుకుని, సొంత ఖర్చులతో వేల మంది అక్కడికి వస్తారు. ఆయన ఇంటిపేరు మోస్తున్న ఊరున్న ఈ సీమలో, ప్రతి మండల కేంద్రంలోనూ ఆ పని జరగాలని నేను మనసారా కోరుతున్నాను. పుల్లలచెరువుతోనే మొదలుపెట్టవచ్చు.

దీనికి కావలసినవి పెద్దవేమీ కావు. వచ్చే పుష్య బహుళ పంచమికి రామాలయం ముంగిలి గానీ, బడి వరండా గానీ చాలు. ఒంగోలు, విజయవాడ, గుంటూరుల్లో నేర్చుకుంటున్న యువ గాయకులు ఉన్నారు. ఒక గాయకుడు, ఒక వయొలిన్, ఒక మృదంగం. వాళ్లకు రానూపోనూ బండి ఖర్చు, ఒక రాత్రి బస, ఇంటి భోజనం, చేతనైన సంభావన. మొదటి వరసలో పిల్లలను కూర్చోబెట్టి, ఇందాక మనం వేసిన ఆదితాళం వాళ్ల చేత వేయించండి. ఎనిమిది లెక్కపెట్టడం వచ్చిన పిల్లవాడికి కచేరీ పరాయిది కాదు.

సభ ఎవరు తెరవాలి? మన పెళ్లిళ్లలో వాయించే సన్నాయి, డోలు విద్వాంసులు తెరవాలి. పెళ్లిలో మనం మాటల్లో పడి వాళ్ల వాయిద్యం వినం. ఆ రోజు వాళ్లను వేదిక నడుమ కూర్చోబెట్టి, అరగంట పాటు ఒక్క రాగం ఆలపించమని అడగండి. వాళ్ల దగ్గర ఎంత విద్య ఉందో మనకు అప్పుడు తెలుస్తుంది.

భజన సమాజాల వాళ్లకు మరో మాట. త్యాగరాజు విద్వాంసుల కోసమే రాయలేదు. దివ్యనామ కీర్తనలూ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ పదిమంది కూడి పాడుకోవడానికి తేలిక వరసల్లో రాశాడు. మన సీతాకల్యాణం ఆ రెండో తరగతిలోదే. చెక్కభజన, కోలాటం వచ్చిన గొంతులకు, తాళం తప్పని చేతులకు అవి పట్టుబడటం కష్టం కాదు. శ్రీరామనవమి లోపల నాలుగు కీర్తనలు నేర్చుకోండి.

తుళజాజీ గుడి ఇచ్చాడు, వెంకటరమణయ్య ఇల్లిచ్చాడు, తిరువయ్యారు ఇల్లాళ్లు గుప్పెడు బియ్యమిచ్చారు, నాగరత్నమ్మ ఉన్నదంతా ఇచ్చింది. వాళ్లలో ఒకరు రాజు, తక్కినవాళ్లు మనలాంటి మనుషులే. ఆ వరసలో చేరడానికి మనకు ఒక ముంగిలి, ఒక పూట భోజనం, రెండు గంటల శ్రద్ధ చాలు. ఈ ఏడు ఆ మూడూ సమకూర్చమని పుల్లలచెరువు పెద్దలనూ, మార్కాపురం, కంభం, గిద్దలూరు సోదర సోదరీమణులనూ కోరుతున్నాను.